కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మి గుంటూరులో ఇల్లు కొంటున్నాం, 30 లక్షలు క్యాష్ తీసుకోమంటున్నారు

ప్రశ్న: నా వయసు 61. ప్రైవేటు కంపెనీలో చేసి నిరుడు రిటైరయ్యాను. 2011 జూన్‌లో కూకట్‌పల్లిలో రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి 34 లక్షలకు ఫ్లాట్ కొన్నాం. ఇప్పుడు 95 లక్షలకు బేరం కుదిరింది. 2026 జనవరిలో రిజిస్ట్రేషన్ అనుకుంటున్నాం. ఇంకా 6 లక్షల హోమ్‌లోన్ ఉంది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. గుంటూరులో 60 లక్షల్లో ఫ్లాట్ చూసుకుని అక్కడే ఉండిపోదామని ఆలోచన. కొనేవాళ్ళు 65 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతా 30 లక్షలు క్యాష్ ఇస్తామంటున్నారు. అలా అయితే మీకూ టాక్స్ ఉండదని బ్రోకర్ చెబుతున్నాడు. మా బావమరిదేమో ఫ్లాట్ ఎందుకు, అమరావతి వైపు స్థలం కొనమంటున్నాడు. పక్క రాష్ట్రంలో కొంటే టాక్స్ మినహాయింపు వస్తుందా? ఇల్లు మా అబ్బాయి పేరున పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ 30 లక్షల సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

బ్రోకర్ చెప్పింది అబద్ధం కాదు. 65 లక్షలకు అమ్మినట్టు చూపిస్తే మీకు నిజంగానే టాక్స్ పడదు. ఆయన చెప్పకుండా దాటేసింది ఇంకొకటి ఉంది. మొత్తం 95 లక్షలూ చూపించినా మీకు టాక్స్ పడదు. లెక్క వేసి చూపిస్తాను.

95 లక్షల్లోంచి బ్రోకర్ కమీషన్ ఒక లక్ష అనుకుని తీసేద్దాం. 94 లక్షల్లో మీరు పెట్టిన 34 పోతే లాభం 60 లక్షలు. దీని మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 7.8 లక్షలు. అయితే 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్ళకు పాత పద్ధతి కూడా ఉంచారు. ధరల పెరుగుదలను కలుపుకుని 20 శాతం కట్టడం. ఇందుకోసం ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ధరల సూచీ 2011-12లో 184, 2025-26లో 376. ఆ లెక్కన మీ 34 లక్షలు దాదాపు 69.5 లక్షలవుతాయి. లాభం 24.5 లక్షలకు దిగుతుంది, టాక్స్ సుమారు 5.1 లక్షలు. రెండింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. అంటే మీరు ఏ ఇల్లూ కొనకపోయినా భారం 5.1 లక్షలే.

కానీ మీరు ఇల్లు కొంటున్నారు. ఇల్లు అమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే సెక్షన్ 54 కింద ఆ మేరకు టాక్స్ ఉండదు. కొత్త ఇల్లు భారతదేశంలో ఉండాలని మాత్రమే చట్టం అంటుంది. గుంటూరయినా గువాహటి అయినా ఒకటే, రాష్ట్రం మారితే నష్టం లేదు. 60 లక్షల ఫ్లాటు మీద ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, వెరసి 7.5 శాతం. అంటే 4.5 లక్షలు. ఇదీ ఇంటి ఖర్చులోకే వస్తుంది. మొత్తం 64.5 లక్షలు. మీ లాభం 60 లక్షలు. టాక్స్ సున్నా.

ఇప్పుడు ఆ క్యాష్ వల్ల బాగుపడేది ఎవరో చూడండి. తెలంగాణలోనూ రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతమే. 30 లక్షలు దాచితే కొనేవాళ్ళకు 2.25 లక్షలు మిగులుతాయి. మీకు మిగిలేది రూపాయి లేదు. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని నిబంధన. దొరికితే తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీ, అదీ తీసుకున్నవాళ్ళ మీదే, ఇచ్చినవాళ్ళ మీద కాదు. ఎక్కడిదో చెప్పలేని డబ్బు అని తేలిస్తే సర్‌చార్జీ, సెస్సుతో కలిపి 78 శాతం టాక్స్. వాళ్ళ రెండుంబావు లక్షల కోసం మీ 30 లక్షలు పణంగా పెట్టడమన్నమాట.

సరే, ఎవరూ పట్టుకోలేదనుకుందాం. ఆ సంచీని ఏం చేస్తారు? మీ చేతికి వైట్‌లో వచ్చేవి 65 లక్షలు. లోన్ 6, కమీషన్ 1 పోతే 58. గుంటూరు ఇంటికి కావాల్సింది 64.5. కాబట్టి అక్కడ అమ్మేవాళ్ళను కూడా కొంత క్యాష్ తీసుకోమని మీరు బతిమాలాలి. అప్పుడు మీ కొత్త ఇల్లు తక్కువ విలువకు రిజిస్టరవుతుంది. రేపు మీ అబ్బాయి దాన్ని అమ్మితే లాభం ఎక్కువగా కనబడి ఆ టాక్స్ అతని నెత్తిన పడుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ 65 లక్షలకు అటూ ఇటూగా ఉండి ఉంటుంది, అందుకే వాళ్ళు ఆ అంకె చెప్పారు. ‘అందరూ ఇలాగే చేస్తారు’ అంటారు. చేస్తారు, నిజమే. ఆ అందరిలో చాలామందికి మీలాగా వెంటనే ఇంకో ఇల్లు కొనే పని ఉండదు. పార్టీ ససేమిరా అంటే ధర ఒక లక్ష తగ్గించి అయినా మొత్తం చెక్కు రూపంలోనే అడగండి. నేనైతే అలాగే చేస్తాను.

ఇంకో మాట. లోన్ కట్టిన 6 లక్షలను లాభంలోంచి తీసేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు, అది కుదరదు.

ఇల్లు ఎప్పుడు కొనాలి? అమ్మిన తేదీ నుంచి రెండేళ్ళు టైముంది, అంటే మీకు 2028 జనవరి దాకా. అమ్మకానికి ఏడాది ముందు కొన్నా చెల్లుతుంది. అందుకని తొందరపడి కొనకండి. ముందు గుంటూరులో ఒక ఏడాది అద్దెకుండండి. పాతికేళ్ళు హైదరాబాద్‌కు అలవాటు పడి సొంతూరి వైపు వెళ్ళినవాళ్ళలో కొందరికి ఆరు నెలల్లోనే మనసు మారిపోవడం చూశాను. ఏ పేటలో నీళ్ళ ఇబ్బంది, మే నెల ఎండకు పై అంతస్తు ఎలా ఉంటుంది, మీ డాక్టరు మంగళగిరి ఎయిమ్స్‌లోనా ఊళ్ళోనా, ఇవన్నీ అక్కడ కాపురం పెడితేగాని తెలియవు.

అయితే ఈ అద్దె ఏడాదిలోనే ఒక గుంట ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఇల్లు అమ్మిన డబ్బు మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుని నిశ్చింతగా కూర్చున్నారు. రెండేళ్ళలోపు ఇల్లూ కొన్నారు. అయినా నోటీసు వచ్చింది. రిటర్న్ వేయాల్సిన గడువు నాటికి ఇల్లు కొనకపోతే ఆ డబ్బును ప్రభుత్వం అనుమతించిన బ్యాంకులో ‘క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్’ ఖాతాలో వేయాలి. ఎఫ్‌డీ దానికింద లెక్కకు రాదు. జనవరి 2026లో అమ్మితే మీకు ఆ తేదీ 2026 జూలై 31. ఆ ఖాతా అన్ని బ్రాంచీల్లోనూ తెరవరు, తెరిచేవాళ్ళకూ ఒక్కోసారి ఫారం ఎక్కడుందో తెలియదు. జూలై చివరివారం దాకా ఆగకుండా మేలోనే వెళ్ళండి. ఇల్లు కొన్నాక మిగిలిపోయిన డబ్బు తీసి ఖాతా మూసేయాలంటే ఆదాయపు పన్ను అధికారి అనుమతి కావాలి. కనుక చేతికొచ్చిన డబ్బంతా అందులో పోయకండి, ఇంటికి కావాల్సినంతే వేయండి.

మీ బావమరిది గారి స్థలం సంగతి. ఉత్త స్థలం కొంటే ఈ మినహాయింపు రాదు, అమ్మిన మూడేళ్ళలోపు దాని మీద ఇల్లు పూర్తి కావాలి. 61 ఏళ్ళ వయసులో మేస్త్రీ వెంట, ఇసుక లారీ వెంట తిరగడం మీకు సరదా అయితే సరే. అమరావతికి 2015లో శంకుస్థాపన చేశారు, 2019 తర్వాత పనులు ఆగిపోయాయి, 2025లో మళ్ళీ మొదలయ్యాయి. ఆ మధ్యలో అక్కడ స్థలాల్లో డబ్బు ఇరుక్కున్నవాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. రేపు ధరలు పెరగొచ్చు కూడా. కానీ ఉండటానికి వేరే ఇల్లు లేనివాళ్ళు, ఉన్న డబ్బంతా పెట్టి ఆడాల్సిన ఆట కాదది.

అబ్బాయి పేరున వద్దు. మినహాయింపు అడిగేది మీరు కాబట్టి ఇల్లు మీ పేరునే ఉండాలి, మీ ఆవిడ పేరు కూడా కలపొచ్చు. అబ్బాయికి ఇవ్వాలనుకుంటే వీలునామా రాయండి. కొత్త ఇల్లు మూడేళ్ళలోపు అమ్మినా, మీరు పొందిన మినహాయింపు వెనక్కి పోతుంది.

గుంటూరులో కాగితాలు చూపించడానికి హైదరాబాద్ లాయరును తీసుకెళ్ళకండి, అక్కడి కోర్టులో ప్రాక్టీసు చేసేవారినే పెట్టుకోండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్ల (పాత దస్తావేజుల)తో పాటు ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడమని విడిగా అడగండి. అపార్ట్‌మెంట్ కట్టి పదేళ్ళయినా కింది భూమి ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. మున్సిపల్ ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, బిల్డింగ్‌కు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు.

అన్నీ అయ్యాక మీ దగ్గర సుమారు 23.5 లక్షలు మిగులుతాయి. ఐదు లక్షలు బ్యాంకులో అందుబాటులో ఉంచుకుని, 18 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 36,900 వస్తాయి. ఈపీఎఫ్ పెన్షన్ గురించి బెంగ వద్దు, 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు బ్రాంచిలోనైనా తీసుకోవచ్చు. కారు మాత్రం ఏడాదికి మించి ఆంధ్రాలో ఉంచేట్టయితే ఇక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని నంబరు మార్పించాలి.

ఈ వారం చేయాల్సింది రెండు పనులు. మీ పాన్, ఆధార్ లింక్ అయ్యాయో చూసుకోండి. లింక్ అయి ఉంటే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్, 95 వేలు కోస్తారు, రిటర్న్‌లో వెనక్కి వస్తుంది. లేకపోతే 20 శాతం కోయాల్సి వస్తుంది. రెండోది, బ్యాంకుకు వెళ్ళి లోన్ ఎంత బాకీ ఉందో ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోండి. కొనేవాళ్ళు ఆ మొత్తానికి విడిగా మీ బ్యాంకు పేరునే చెక్కు ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించండి. లోన్ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వకపోతే, తప్పు బ్యాంకుదైతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 5,000 రూపాయలు మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మేనేజర్ గారు ‘చూద్దాం లెండి’ అంటే ఆ మాట నెమ్మదిగా గుర్తు చేయండి.