దాచిన లింకులు, సైట్‌మ్యాప్: మేనల్లుడికి ఒక ఉత్తరం

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక మీ పత్తర్‌గట్టి దుకాణం వెబ్‌సైటును నిదానంగా, ఒక్కొక్క పేజీ తెరిచి చూశాను. ముత్యాల దండలు, గాజులు, చెవి దుద్దులు ఉన్న పేజీలన్నింటి లింకులనూ హోమ్ పేజీ అడుగున తెల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలతో పెడితే, కొనేవారి కంటికి అడ్డం రాకుండా గూగుల్‌కు మాత్రం కనిపిస్తాయని సైటు పని చూసే అబ్బాయి చెప్పాడన్నావు. దానికి ఒప్పుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో, బదులుగా ఏం చేయాలో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించి 1998లో ప్రచురించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో, అంటే వెతుకులాట ఫలితాల్లో పేజీలకు స్థానం నిర్ణయించే లెక్కలో, ఒక పేజీ నుంచి మరో పేజీకి ఉన్న లింకును ఓటులాగా లెక్కపెట్టారు. ఆ సంగతి బయటపడగానే ఓట్లు దొంగచాటుగా వేసుకునేవాళ్లు పుట్టుకొచ్చారు. నేపథ్యం రంగులోనే అక్షరాలు పెట్టడం, అక్షరం సైజును సున్నా చేయడం, లింకుల గుంపును తెర అంచు దాటించి ఎక్కడో ఎడమవైపుకు నెట్టేయడం, బొమ్మ వెనుక దాచడం, వాక్యం మధ్యలోని ఒక చిన్న గీతకు లింకు తగిలించడం, ఇవన్నీ అప్పటి నుంచీ నడుస్తున్న పద్ధతులే. గూగుల్ తన స్పామ్ విధానాల్లో, అంటే మోసపు పద్ధతులను అడ్డుకునే నియమాల్లో, వీటిని పేరుపెట్టి మరీ నిషేధించింది. లింకు సొంత పేజీకే కదా అన్న వాదన అక్కడ నిలవదు. మనిషికి కనిపించకుండా కేవలం సెర్చ్ ఇంజిన్‌ను ప్రభావితం చేయడానికి పెట్టినది ఏదైనా ఆ నిషేధం కిందికే వస్తుంది.

అలాగని తెర మీద వెంటనే కనిపించనిదంతా తప్పు కాదు. ఫోనులో మూడు గీతల గుర్తు నొక్కితే తెరుచుకునే మెనూ, ప్రశ్న మీద నొక్కితే విచ్చుకునే జవాబు, చూపులేనివారి కోసం స్క్రీన్ రీడర్ చదివే వివరణ, వీటికి ఏ అభ్యంతరమూ లేదు, ఎందుకంటే అవసరమైన మనిషికి అవి అందుతాయి. ఈ తేడా నీకు స్పష్టంగా ఉండాలి, లేకపోతే భయంతో మంచి మెనూను కూడా తీసేస్తావు.

ఇప్పుడు నీ సైటులో నేను చూసినది చెబుతాను, దీన్ని తేలిగ్గా తీసుకోకు. హోమ్ పేజీ సోర్స్ కోడ్ (పేజీ వెనుక ఉండే అసలు రాత) తెరిచి ఫుటర్, అంటే పేజీ అడుగు భాగం, దాకా వెళితే, మీ చిరునామా కింద తెర నుంచి ఎడమవైపుకు 9999 పిక్సెళ్లు జరిపేసిన ఒక పెట్టె ఉంది. అందులో జూదం సైట్లకు వెళ్లే లింకులున్నాయి. అవి సైటు పని చూసే ఆ అబ్బాయి పెట్టినవి కాకపోవచ్చు. డబ్బు పెట్టి కొనవలసిన థీమ్‌ను (సైటుకు రూపునిచ్చే తయారు నమూనాను) ఎవరో తాళం తీసి ఉచితంగా పంచితే, అలాంటి వాటిలో ఈ సరుకు తరచుగా కలిసి వస్తుంది. పాత ప్లగిన్‌లోని (సైటుకు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రామ్‌లోని) లోపం ద్వారా ఎవరైనా చొరబడినా ఇదే జరుగుతుంది. పెట్టినది ఎవరైనా ఫలితం అనుభవించేది సైటు యజమానే. థీమ్ ఎక్కడి నుంచి తెచ్చారో ఆ అబ్బాయిని సూటిగా అడుగు, అసలు తయారీదారు నుంచి కొన్న ప్రతితో మార్పించు, సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌నూ ప్లగిన్లనూ తాజా వెర్షన్‌కు తెప్పించు, పాస్‌వర్డులన్నీ మార్చు, ఎవరో తెలియని అడ్మిన్ ఖాతా ఉంటే తొలగించు.

ఇకముందు నువ్వే కనిపెట్టుకోవాలంటే పేజీ తెరిచి కీబోర్డు మీద కంట్రోల్ (Ctrl), A మీటలు కలిపి నొక్కు. తెలుపు మీద తెలుపుగా ఉన్న అక్షరాలు బయటపడతాయి. తెర బయటకు నెట్టినవి అలా దొరకవు, వాటికి సోర్స్ కోడ్ చూడాల్సిందే. కొన్ని చొరబాట్లు గూగుల్ బాట్ (పేజీలను చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రామ్) వచ్చినప్పుడు మాత్రమే లింకులను చూపిస్తాయి కనుక, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సేవలో, ఒక్కో పేజీని పరిశీలించే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో నీ పేజీ చిరునామా ఇచ్చి, గూగుల్ అందుకున్న కోడ్ ఏమిటో కూడా చదువు.

సైట్‌మ్యాప్ కూడా కొనేవారికి కనిపించదు కదా, అది దాచినట్టు కాదా అని అడిగావు. మంచి ప్రశ్న. సైట్‌మ్యాప్ అనేది పేజీల చిరునామాల పట్టిక మాత్రమే, చిరునామా తెలిసిన ఎవరైనా దాన్ని తెరిచి చదవవచ్చు. అందులో పేరున్నంత మాత్రాన ఏ పేజీకీ ఓటు పడదు, కాబట్టి మోసానికి తావే లేదు. గూగుల్ దీన్ని 2005లో ప్రవేశపెట్టింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అదే పద్ధతిని అంగీకరించాయి. ఆ అబ్బాయి దాచిన లింకులతో సాధించాలనుకున్న పని, అంటే పేజీలు ఉన్నాయని సెర్చ్ ఇంజిన్‌కు తెలియజేయడం, దీనితో బహిరంగంగానే జరిగిపోతుంది.

వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్‌ను తనంతట తానే తయారు చేస్తోంది, కాబట్టి దీనికి వేరుగా రుసుము అడిగితే ఇవ్వనవసరం లేదు. ఒక ఫైలులో 50,000 చిరునామాలు, 50 ఎంబీ పరిమితి. మీకు ఆ బెంగ లేదు. అందులో ఏవి ఉండాలన్నదే అసలు విషయం. ధర వారీగా, రంగు వారీగా వడకట్టినప్పుడు ఒకే సరుకుకు పుట్టుకొచ్చే రకరకాల చిరునామాలను వదిలేసి, ఒక్కో సరుకుకు ఒక్క అసలు చిరునామానే ఉంచాలి. తొలగించిన పేజీలు, నోఇండెక్స్ (ఫలితాల్లో చేర్చవద్దన్న సూచన) పెట్టిన పేజీలు అందులో ఉండకూడదు. చివరిగా మార్చిన తేదీ నిజమైనదై ఉండాలి. రోజూ అన్నింటికీ కొత్త తేదీ వేస్తే గూగుల్ ఆ తేదీలను నమ్మడం మానేస్తుంది. ప్రాధాన్యం అంకెలను, ఎంత తరచుగా మారుతుందన్న వివరాన్ని గూగుల్ ఎలాగూ పట్టించుకోదు. తెలుగు అక్షరాలతో చిరునామాలు పెట్టావు కనుక ఒక మాట: పట్టికలో అవి శాతం గుర్తులతో కూడిన రూపంలో ఉండాలి, అప్పుడు 'ముత్యాలు' అన్న ఒక్క మాటే 72 అక్షరాలవుతుంది. చూసి కంగారుపడకు, అది సరైనదే. సైట్‌మ్యాప్ చిరునామాను రోబోట్స్ ఫైలులో (సెర్చ్ ఇంజిన్ ప్రోగ్రామ్‌లకు సూచనలు రాసి ఉంచే robots.txt ఫైలులో) ఒక వరుసగా రాసి, సెర్చ్ కన్సోల్‌లో సమర్పిస్తే చాలు.

అయితే పట్టికలో ఉన్న ప్రతి పేజీనీ గూగుల్ తప్పక చేర్చుకుంటుందని ఎక్కడా హామీ లేదు. సుమారు 500 పేజీల లోపు సైటులో పేజీల మధ్య లింకులు సక్రమంగా ఉంటే సైట్‌మ్యాప్ అవసరం రాకపోవచ్చని గూగులే అంటోంది. నీ సైటులో అసలు లోపం అక్కడే ఉంది. బసరా ముత్యాల పేజీకి ఏ మెనూ నుంచీ దారి లేదు. వెతుకులాట పెట్టెలో ఆ పేరు కొడితే తప్ప కొనేవారికే దొరకదు. రకాల వారీగా కనిపించే మెనూ పెట్టి, దండల పేజీ నుంచి వాటికి జోడీ అయ్యే దుద్దుల పేజీకి లింకు ఇవ్వు. ఈ ఒక్క పని కొనేవారికీ, సెర్చ్ ఇంజిన్‌కూ కూడా మేలు చేస్తుంది.

శిక్ష గురించి అడిగావు. అది రెండు విధాలు. గూగుల్ ఉద్యోగి స్వయంగా పరిశీలించి వేసేది మాన్యువల్ యాక్షన్. అది సెర్చ్ కన్సోల్‌లో కారణంతో సహా కనిపిస్తుంది, కొన్ని పేజీలకో మొత్తం సైటుకో వర్తిస్తుంది. రెండోది వ్యవస్థ తనంతట తాను గుర్తించి స్థానం తగ్గించడం. దానికి నోటీసు రాదు, ఒకరోజు చూస్తే ఎంక్వైరీలు తగ్గిపోయి ఉంటాయి. పేరున్న సంస్థ కదా అని వదలరు. 2006లో బీఎండబ్ల్యూ జర్మన్ సైటునే, సెర్చ్ ఇంజిన్‌కు ఒకటీ మనుషులకు మరొకటీ చూపించినందుకు గూగుల్ కొద్ది రోజులు తన ఫలితాల నుంచి తొలగించింది. వాళ్లకు షోరూములున్నాయి, తట్టుకున్నారు. పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్ల మీద ఆధారపడిన మీలాంటి దుకాణానికి ఒక నెల కనబడకపోవడమే పెద్ద దెబ్బ.

కాబట్టి ముందు సెర్చ్ కన్సోల్‌లో యజమాని హోదా నీ పేరు మీదకు మార్పించుకో. అది ఇప్పుడు ఆ అబ్బాయి ఈమెయిలు మీద ఉండటం ఏమాత్రం మంచిది కాదు. మొదటి స్థానం గ్యారంటీ అన్నాడట; అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. సైటులో చేసే ప్రతి మార్పునూ రాతపూర్వకంగా ఇవ్వమను. తర్వాత మాన్యువల్ యాక్షన్స్ పేజీ, దాని పక్కనే ఉన్న సెక్యూరిటీ ఇష్యూస్ పేజీ తెరిచి చూడు. అక్కడ నోటీసు ఉంటే, దాచిన లింకులను సైటు అంతటా తొలగించాకే పునఃపరిశీలనకు అర్జీ పెట్టాలి. ఏం దొరికిందో, ఏం తీసేశావో ఉన్నదున్నట్టు రాయాలి. జవాబుకు రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు, అది వచ్చేదాకా మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టకు. నోటీసు లేకపోతే అర్జీతో పనే లేదు. లింకులు తీసేసి, హోమ్ పేజీని మళ్లీ చూడమని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ నుంచే కోరితే సరిపోతుంది. ఆ రెండు పేజీల్లో ఏముందో స్క్రీన్‌షాట్ తీసి నాకు వాట్సాప్ చెయ్యి, అర్జీ అవసరమైతే దాని ముసాయిదా నేను చూసి ఇస్తాను. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య