పాత పేజ్‌మేకర్, కొత్త కంప్యూటర్

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. షాపుకి విండోస్ 11 మెషీన్ కొన్నావని, పాత విండోస్ 7లో ఉన్న పేజీలు పేర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అనూ ఫాంట్లు దాంట్లోకి ఎలా తేవాలా అని టెన్షన్ పడుతున్నావని అక్క చెప్పింది. పాత మెషీన్‌ని ఫార్మాట్ చెయ్యకు, ఎక్స్ఛేంజ్‌కీ ఇవ్వకు. మిగతావన్నీ ఆ తర్వాతే.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్‌ని కాపీ కొట్టి అవతల పెడితే నడవదు. ఇన్‌స్టాల్ అయినప్పుడు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన లెక్కలు దాచుకునే చోట, రాసుకున్నవి దాంతోపాటు రావు. సీడీ, సీరియల్ నంబరు వెతుకు. కొత్తదానికి సీడీ డ్రైవ్ లేకపోతే సీడీని పాతదాంట్లోనే పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకో. నీ అనూకి డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే లైసెన్సు తాళం) ఉంటే దాని డ్రైవర్ కొత్త విండోస్‌కి పనికొస్తుందో లేదో ముందే కనుక్కో.

సెట్టింగుల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పేజ్‌మేకర్ తన సెట్టింగుల్ని తన ఫోల్డర్లోనే, సీఎన్‌ఎఫ్ ఫైల్లో రాసుకోవాలని చూస్తుంది. విండోస్ 7 అక్కడ రాయనివ్వక, చెప్పాపెట్టకుండా యాప్‌డేటా కింద లోకల్‌లోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కి మళ్లిస్తుంది. నువ్వు రోజూ వాడే సెట్టింగులు అక్కడ ఉండొచ్చు. యాప్‌డేటా దాచి ఉంచే ఫోల్డర్ కాబట్టి హిడెన్ ఫైల్స్ కనపడేలా పెట్టి వెతికి తెచ్చుకో.

ఫాంట్లు కూడా పాత మెషీన్‌లోవే తెచ్చుకో, నెట్‌లో దొరికినవి వద్దు. రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' కొట్టు. ఉత్త ఇన్‌స్టాల్ కొడితే అవి నీ యూజర్ ఫోల్డర్లోకి పోతాయి, ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్లకి ఒక్కోసారి కనపడవు.

ప్రింటర్ డ్రైవర్ కూడా పాతదే వెయ్యి. పేజ్‌మేకర్ లైన్లు పేర్చేది ప్రింటర్‌ని చూసుకునే కదా! వేరే ప్రింటర్ ఎంచుకుంటే లైన్లు జరిగిపోవచ్చు. ఒక పాత పుస్తకం ఫైలు తెరిచి, నాలుగు పేజీలు ప్రింటు తీసి, అచ్చయిన కాపీ మీద పెట్టి వెలుతురులో చూడు.

ఎంతకీ నడవకపోతే కంపాటిబిలిటీ మోడ్ (పాత విండోస్‌లో ఉన్నట్టు నడిపే సెట్టింగు) పెట్టి చూడు. అదీ కాకపోతే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ 7 వేసి అందులో నడుపుకోవచ్చు. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షనే లేదు మరి. పేజీలు పేర్చే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి మారదామంటే, పేజ్‌మేకర్ ఫైళ్లు దాని పాత వెర్షన్ సీఎస్6 వరకే తెరుచుకుంటాయి. పైగా అనూ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కాదు. కన్వర్టర్‌లో వేసి మార్చాక ఒత్తులన్నీ మళ్లీ ప్రూఫు చూడాల్సిందే.

మాఘమాసం పెళ్లికార్డుల పని అయ్యేదాకా రెండు మెషీన్లూ నడుపు. విండోస్ 7కి 2020 జనవరితోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, పాతదానికి నెట్ కనెక్షన్ మాత్రం తీసెయ్.

ఇట్లు,
మామయ్య