కుక్కపిల్లకు తుంటి జబ్బు... అమ్మినవాళ్లు డబ్బు కట్టాలా?

ప్రశ్న: మా ఇంట్లో నాలుగేళ్ల ఆడ లాబ్రడార్ ఉంది. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్నాయి. కిందటేడు తెలిసినవాళ్ల మగ లాబ్రడార్‌తో క్రాసింగ్ చేయిస్తే ఏడు పిల్లలు పెట్టింది, ఒకటి ఉంచుకుని ఆరింటిని అమ్మేశాం. వాటిలో ఒకదానికి ఇప్పుడు పది నెలలు. వెనక కాళ్లు కుంటుతోందని ఎక్స్‌రే తీయిస్తే హిప్ డిస్‌ప్లేజియా (తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం) అన్నారట. కొన్నవాళ్లు పిల్ల ధర, వైద్యం ఖర్చు కలిపి ఇవ్వమంటున్నారు, లేకపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్తామంటున్నారు. నేను వ్యాపారిని కాదు, పిల్లల్ని ఇచ్చేటప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. నేను కట్టాలా? ఈసారి హీట్‌కి వచ్చినప్పుడు మళ్లీ క్రాసింగ్ చేయిద్దామనుకుంటున్నాం, దానికి లైసెన్స్ కావాలా?

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి మీకు టెన్షన్ ఎక్కువగా ఉన్నట్టుంది. నాకు మాత్రం రెండోదే భయంగా ఉంది, ఎందుకో చెప్తాను.

ముందు డబ్బు సంగతి. కుక్కపిల్లను సరుకు అనడం మనసుకు కష్టమే (మా ఇంట్లోనూ ఒకటి ఉంది), కానీ 1930 నాటి వస్తు విక్రయ చట్టం లెక్కలో పెంపుడు జంతువు చరాస్తి, అంటే సరుకే. కాబట్టి కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు (మీరు కన్స్యూమర్ కోర్టు అన్నది ఇదే) వెళ్లగలరు, అదీ వాళ్లుండే ఊళ్లోనే. ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు. వాళ్లకు రెండేళ్ల గడువుంది. వ్యాపారిని కాదన్న మీ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ఒక్క ఈతలో వచ్చిన పిల్లల్ని అమ్మినవాళ్లు ఆ చట్టం చెప్పే ట్రేడర్ అవుతారా అని గట్టిగా వాదించొచ్చు. కాకపోతే వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, 'పేపర్లున్న పిల్లలు, హెల్త్ గ్యారంటీ' అని రాసి అమ్మి ఉంటే ఆ వాదన అక్కడే పలచబడుతుంది. అలా రాశారో లేదో మీ ఫోన్లో ఒకసారి చూసుకోండి. ఉంటే డిలీట్ చేయకండి, అవతలివాళ్ల దగ్గర ఎలాగూ ఉంటాయి.

ఇక జబ్బు. హిప్ డిస్‌ప్లేజియా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు కలిసి తెచ్చేది. దానికి తోడు పిల్ల అతిగా బరువు పెరగడం, నున్నటి నేలమీద జారుతూ తిరగడం, ఎదిగే వయసులో ఎక్కువ దూకించడం లాంటివి దాన్ని పెంచుతాయి. తల్లిదండ్రుల తుంట్లు బాగున్నా ఒక్కోసారి పిల్లకు వస్తుంది. అందుకని జబ్బు వచ్చింది కాబట్టి తప్పంతా మీదే అనడం కుదరదు. కానీ వాళ్ల లాయరు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: 'క్రాసింగ్‌కు ముందు తల్లికి, తండ్రికి తుంటి ఎక్స్‌రే తీయించారా?' లాబ్రడార్లలో ఈ జబ్బు మామూలేనని కుక్కల డాక్టరు ఎవరైనా చెప్తారు. మీ ఉత్తరంలో ఎక్స్‌రే మాటే లేదు కాబట్టి తీయించలేదనే అనుకుంటున్నాను. 'పేపర్లున్నాయి కదా' అనకండి. కేసీఐ పేపరు కుక్క ఎవరి సంతానమో చెప్తుంది, ఎముకలు ఎలా ఉన్నాయో చెప్పదు. అది ప్రభుత్వ లైసెన్సు కూడా కాదు.

నన్నడిగితే రాజీ పడండి. పిల్లను వెనక్కి ఇస్తామనేవాళ్లు అరుదు, పది నెలలు పెంచాక ఎవరు ఇస్తారు? ధరలో కొంత, వైద్యంలో కొంత ఇచ్చి, ఇక ఏ క్లెయిమూ లేదని ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం రాయించుకోండి. ఈలోపు ఫోన్లో 'సారీ, మా తప్పే' లాంటి మెసేజ్‌లు పెట్టకండి. ఒకవేళ కమిషన్ నుంచి నోటీసు వస్తే 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ దయతలిస్తే ఇంకో 15 రోజులు. 45 దాటితే ఇక పొడిగించడం కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చేసింది. నోటీసును టీవీ మీద పెట్టి మర్చిపోయి కేసు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు, అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఇప్పుడు రెండోది. 2017 కుక్కల బ్రీడింగ్, మార్కెటింగ్ నియమాల ప్రకారం అమ్మకం కోసం పిల్లల్ని పుట్టించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఫీజు 5,000 రూపాయలు, రెండేళ్లు చెల్లుతుంది. 'ఇన్ని కుక్కలు దాటితేనే' అనే మినహాయింపు అందులో లేదు. అనుకోకుండా పుట్టిన పిల్లలంటే ఒక మాట, ముందే అనుకుని రెండోసారి చేయించి అమ్మడమంటే మీరు బ్రీడరే, రిజిస్టర్ చేసుకోవాల్సిందే. తల్లికి 18 నెలలు నిండాలి, ఆరోగ్యంగా ఉందని డాక్టరు ముందుగా సర్టిఫై చేయాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇవన్నీ 1960 జంతు హింస నిరోధక చట్టం కింద వచ్చిన నియమాలు. ఆ చట్టంలో మొదటిసారి హింసకు జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే, అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయరు. మీరు మాత్రం అలా అనుకోకండి, అసలు ప్రమాదం వేరే చట్టంలో ఉంది.

మొదటి ఈతప్పుడు మీకు తెలియదు. ఇప్పుడు తెలుసు, అదీ మీకు తెలిసిందని చూపించే మెసేజ్‌లు అవతలివాళ్ల ఫోన్లో ఉన్నాయి. అదే తల్లికి ఎక్స్‌రే లేకుండా మళ్లీ క్రాసింగ్ చేయించి, కొనేవాళ్లకు ఈ పిల్ల సంగతి చెప్పకుండా అమ్మితే అది ఇక సరుకులో లోపం ఒక్కటే కాదు. నిజాన్ని దురుద్దేశంతో దాచడం కూడా మోసమేనని భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ చెప్తుంది, అలా మోసం చేసి డబ్బు తీసుకుంటే ఏడేళ్ల దాకా శిక్ష వేయొచ్చు. ప్రతి కేసూ అక్కడిదాకా పోతుందని అనను, కానీ పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి అంత చాలు.

చట్టం పక్కనపెట్టి చూసినా తెలిసిన జబ్బును మళ్లీ పుట్టించడం క్రూరత్వమే అనిపిస్తుంది నాకు. నార్వేలో కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి మీద కేసు వేస్తే, అంత జబ్బుల బరువున్న కుక్కలను అలాగే పుట్టిస్తూ పోవడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర ఇంకా అంత దూరం రాలేదు.

కాబట్టి హీట్ రాకముందే తల్లికి తుంట్లు, మోచేతులు ఎక్స్‌రే తీయించండి. తుంట్లు బాగాలేవంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లో హాయిగా ఉంచుకోండి. బాగున్నా ఆ మగకుక్కతో మాత్రం మళ్లీ వద్దు.

ఇంకొకటి, మీరు అడగనిది. మిగతా ఐదు పిల్లల్ని కొన్నవాళ్లకు ఫోన్ చేసి వాటి తుంట్లు డాక్టరుకు చూపించమనండి, మీ దగ్గరున్నదానికీ చూపించండి. లాయరుగా నేను ఇలా చెప్పకూడదేమో, ఎందుకంటే ఇంకో ఇద్దరు మీ మీదకు రావచ్చు. అయినా చేయండి. ఈ వయసులో తెలిస్తే బరువు తగ్గించి, గంతులు ఆపి చాలావరకు కాపాడొచ్చు, రెండేళ్లు దాటాక ఆపరేషన్ తప్ప దారి ఉండకపోవచ్చు.