మతిమరుపు జబ్బున్న అమ్మ రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ చెల్లుతుందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మకు 74 ఏళ్లు. చదువు లేదు, సంతకం మాత్రం పెడుతుంది. రెండేళ్ల క్రితం గుంటూరులో న్యూరాలజీ డాక్టరుకు చూపిస్తే అల్జీమర్స్ అన్నారు. మందులు వాడుతున్నాం. పెళ్లిలో తాతయ్య పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం పొలం ఆమె పేరునే ఉంది. ఎనిమిది నెలల క్రితం అన్నయ్య ఆమెను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి ఆ పొలం తన పేరున గిఫ్ట్ రాయించుకున్నాడు. ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయిస్తే ఈమధ్యే మాకు తెలిసింది. అడిగితే అమ్మ ఒకరోజు 'అవును, ఇచ్చాను' అంటుంది, మర్నాడు 'నా పొలం ఎక్కడికి పోతుంది' అంటుంది. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఆ దస్తావేజు చెల్లుతుందా? అందులో నాకు వాటా రాదా? అమ్మ ఇల్లు కూడా పోకుండా నా పేరున జీపీఏ (ఆమె తరఫున పనులు చేసే అధికారమిచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ) రాయించుకోమని మావారు అంటున్నారు. అమ్మ పేరున ఉన్న ఎఫ్‌డీని ఆమె వైద్యానికి తీయొచ్చా?

జవాబు: ముందు జీపీఏ సంగతి చెబుతానమ్మా. దాన్ని రాయించుకోకండి. ఎనిమిది నెలల క్రితం అమ్మకు మతి సరిగా లేదని మీరు కోర్టులో చెప్పబోతున్నారు. అదే అమ్మ నిన్నగాక మొన్న మీకు జీపీఏ మీద సంతకం పెట్టిందంటే అన్నయ్య లాయరుకు ఇంకేం కావాలి? 'అప్పుడు లేని తెలివి ఇప్పుడెలా వచ్చింది?' అన్న ఒక్క ప్రశ్నతో మీ కేసు నీరుగారిపోతుంది. పైగా ఆ కాగితం మీకు ఉపయోగపడదు కూడా. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషికి మతి తప్పితే ఆ అధికారం అక్కడితో రద్దవుతుంది. కొన్ని దేశాల్లో మతి పోయాక కూడా నిలిచే పవరాఫ్ అటార్నీలు ఉన్నాయి. మన చట్టంలో ఆ వీలు లేదు.

ఇక గిఫ్ట్ డీడ్. చాలామంది రెండు తప్పుడు లెక్కలు వేస్తారు. 'రిజిస్టర్ అయిందిగా, ఇక తిరుగులేదు' అనేది ఒకటి, 'అల్జీమర్స్ అని డాక్టరు రాశాడుగా, దానంతటదే చెల్లదు' అనేది రెండోది. ఎదుట నిలబడ్డ మనిషికి మతి సరిగా లేదని కనిపిస్తే రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ కింద సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నిరాకరించాలి. వాస్తవంలో 'రాసిచ్చావా అమ్మా?' అని అడగడం, 'ఆఁ' అనిపించుకోవడం, అంతే. మీ అమ్మలాంటి వారు పలకరిస్తే చక్కగా నవ్వుతారు, కాఫీ తాగావా అని తిరిగి అడుగుతారు. రెండు నిమిషాల్లో ఎవరూ పసిగట్టలేరు.

రోగం పేరు కూడా దానంతటది దస్తావేజును కొట్టేయదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూసేది ఒక్కటే: సంతకం పెట్టే సమయానికి ఆ మనిషికి ఆ కాగితం ఏమిటో అర్థమైందా, దానివల్ల తనకు లాభమో నష్టమో ఆలోచించుకోగలిగిందా? మామూలుగా మతి లేని మనిషి కూడా మధ్యలో బాగున్న వేళ రాసిస్తే అది చెల్లుతుందని అదే సెక్షన్ చెబుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలో ఆలోచన, మూడ్‌తో పాటు జ్ఞాపకశక్తి దెబ్బతినడాన్నీ చేర్చింది. కానీ జబ్బు ఉన్నంత మాత్రాన మతిలేనివారుగా లెక్కగట్టకూడదని, అది తేల్చాల్సింది కోర్టేనని కూడా చెప్పింది. అల్జీమర్స్‌లో ఉదయం బాగుండి సాయంత్రానికి తికమకపడటం మామూలే. కాబట్టి మీ అన్నయ్య 'ఆ రోజు అమ్మ బాగానే ఉంది' అంటాడు. మీ కేసంతా ఆ ఒక్క రోజు చుట్టూ తిరుగుతుంది.

ఇక్కడే కాగితాల విలువ తెలుస్తుంది. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ఉందని 2023లో ప్రచురితమైన, వృద్ధులపై జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా వేసింది. ఇలాంటి గొడవలతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర ఒక్క ఓపీ చీటీ కూడా ఉండదు. ఎందుకంటే ఇంట్లో అందరూ 'వయసు మీద పడింది, చాదస్తం' అనుకుని డాక్టరుకే చూపించరు. జబ్బును గుర్తించకపోతే చికిత్స అందదు, కోర్టులో చూపించడానికి రుజువూ మిగలదు. మీరు రెండేళ్ల ముందే చూపించారు కాబట్టి మీ స్థితి మెరుగు. దస్తావేజు తేదీకి ముందు, వెనక ఉన్న ప్రతి చీటీ, స్కాన్ రిపోర్టు, డోనెపెజిల్ లాంటి మందుల బిల్లులు తేదీల వారీగా పెట్టండి. ఆ నెలలో జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం వంటివి జరిగితే ఆ కాగితాలు ఇంకా ముఖ్యం, అప్పుడు తికమక ఒక్కసారిగా పెరుగుతుంది.

జ్ఞాపకశక్తి పరీక్షకు వేసిన మార్కుల కాగితం ఉందేమో డాక్టరును అడగండి. ఎక్కువగా వాడే 30 మార్కుల పరీక్షలో వందలోంచి ఏడేడు తీసేయమంటారు, ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు. బడి మొహం చూడని మనిషికి జబ్బు లేకపోయినా అందులో మార్కులు తగ్గుతాయి. అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా దీన్నే. తెలుగువాళ్లకు సరిపోయే పరీక్షలు లేవని కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. ఆ రోగుల్లో చదువు రానివాళ్లూ ఉన్నారు. వాళ్లలోనూ ఆలస్యం కనిపించింది, అంటే చదువు రానివాళ్లకూ జబ్బును పరీక్షించి తేల్చారన్నమాట. కాబట్టి చదువు లేదు, పరీక్షించలేం అనే మాట నిలవదు. అమ్మకు చదువు లేదన్న సంగతి లెక్కలోకి తీసుకుని, ఇంట్లో డబ్బు లెక్క, వంట, దారి గుర్తుపట్టడం వంటివి ఎలా చేస్తోందో కూడా రాసి రిపోర్టు ఇమ్మని న్యూరాలజిస్టునో సైకియాట్రిస్టునో కోరండి.

దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకుని సాక్షులెవరో చూడండి. పక్కింటివాళ్లు, పనమ్మాయి, పాలు పోసే ఆయన ఆ రోజుల్లో అమ్మ ఎలా ఉండేదో చెప్పగలిగితే, డాక్టరు సాక్ష్యం పక్కన అది గట్టిగా నిలుస్తుంది. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ కూడా మీకు అండగా ఉంది. వయసు వల్లో జబ్బు వల్లో మనసు బలహీనపడ్డ మనిషి దగ్గర రాయించుకున్నవాడు ఆమెపై పెత్తనం ఉన్నవాడిగా లెక్క. లావాదేవీ చూడగానే అన్యాయంగా కనిపిస్తే, ఒత్తిడి చేయలేదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఉన్న ఒక్క ఎకరం మొత్తం ఒకే కొడుక్కి రాసి, అందులో తన తిండికేమీ ఉంచుకోకపోవడం అలాంటిదే.

మీ వాటా గురించి కటువుగా చెప్పాలి. అది అమ్మ సొంత ఆస్తి. ఆమె బతికుండగా మీకూ, అన్నయ్యకూ అందులో వాటా లేదు. మీ పేరున వాటా దావా వేస్తే మొదట్లోనే కొట్టేస్తారు. వేయాల్సింది అమ్మ పేరున, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 15 కింద. మతి బలహీనత వల్ల తన మేలు తాను చూసుకోలేరని కోర్టు విచారించి తేలిస్తే, ఆమె తరఫున మీరు దావా నడపొచ్చు. 'దస్తావేజు రద్దు చేసి పొలం అమ్మ పేరున ఉంచండి' అని మాత్రమే అడగండి. మీకేమీ కోరకండి, అప్పుడు మీ స్వార్థమనే వాదన చెల్లదు. తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు కాబట్టి ఆలస్యం చేయొద్దు. అన్నయ్య ఈలోగా అమ్మేయకుండా ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) అడగండి, తహసీల్దారుకు మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) మీద అభ్యంతరం ఇవ్వండి.

ఆర్డీవో దగ్గర 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద కూడా దరఖాస్తు చేయొచ్చంటారు. రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయించే 23వ సెక్షన్ వర్తించాలంటే 'నన్ను చూసుకోవాలి' అన్న షరతుతో ఇచ్చినట్టు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఆ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని కూడా అంది. మీ దస్తావేజులో అలాంటి మాట ఏమైనా ఉందేమో చూడండి. లేకపోతే సివిల్ కోర్టే మేలు.

ఎఫ్‌డీకి సులువైన దారి లేదు. వైద్యం విషయంలో ఆమె తరఫున నిర్ణయించే ప్రతినిధిగా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మిమ్మల్ని ఒప్పుకుంటుంది, డబ్బు, ఆస్తికి మాత్రం కాదు. ఆస్తికి మేనేజరును నియమించే ఏర్పాటు 1987 నాటి పాత మానసిక ఆరోగ్య చట్టంలో ఉండేది, కొత్త చట్టంలో దాన్ని పెట్టలేదు. అందుకే గార్డియన్ కోసం జిల్లా కోర్టులో 2016 వికలాంగుల చట్టం 14వ సెక్షన్ కింద అడగడమో, హైకోర్టులో రిట్ వేయడమో చేస్తున్నారు. దావా వేసే లాయరుతోనే అదీ మాట్లాడండి. అమ్మ చేత సంతకం పెట్టించి బ్యాంకులో తీయించే ప్రయత్నం మాత్రం వద్దు, అన్నయ్య చేసిందే మీరూ చేసినట్టవుతుంది.

ఖర్చుకు భయపడకండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. గుంటూరు కోర్టు ఆవరణలో వాళ్ల కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. దానికి ఆ రెండేళ్ల చీటీల జిరాక్సులు జతచేయండి, ఒరిజినల్స్ మీ దగ్గరే పెట్టుకోండి.