దావా, దావత్, దఅ్‌వా

సందేహం: ‘కూడలిలో యువకుల దావా’ అని ఒక వార్తకు శీర్షిక. దావా అంటే కోర్టులో వేసేది కదా? ‘మత ప్రచారం’ అంటే సరిపోదా? అలాగే ‘ఐడెంటిటీ పాలిటిక్స్’కు ‘గుర్తింపు రాజకీయాలు’, ‘అస్తిత్వ రాజకీయాలు’ – ఏది మేలు?

సమాధానం: కోర్టు దావా, ఇస్లాంలోకి పిలవడమనే అర్థంలో శీర్షికలో వచ్చిన దావా – రెండూ అరబ్బీ మాటలే, ఒకే ధాతువు, మూలార్థం పిలవడం. మధ్యలో ఉండే ‘ఐన్’ అనే అరబ్బీ అక్షరం గొంతులో పలికే హల్లు. దానికి మనకు లిపి లేదు. ఉర్దూ నోట అది జారిపోయి ముందరి అచ్చు సాగింది. అలా హక్కు చెప్పుకునే మాట ‘దావా’గా, పిలుపు ‘దావత్’గా మనకు చేరాయి. తెలంగాణలో యాటను కోసి పెట్టే దావత్ కూడా ఈ పిలుపే! ఇప్పుడు మతార్థంలో అదే మాట అరబ్బీ రూపంతో మళ్లీ వచ్చి కోర్టు దావాతో కలిసిపోయింది.

వాక్యంలో క్రియ కాపాడుతుంది: కోర్టు దావా వేస్తారు, కొట్టేస్తారు, మతపరమైనది ఇస్తారు, చేస్తారు. శీర్షికలో క్రియ ఉండదు, అక్కడే తంటా. ‘దఅ్‌వా’ అని రాయండి. అకారం మీద పొల్లు నిలవని ఖతుల్లో (ఫాంట్లలో) ‘దఅవా’ అన్నా చాలు.

‘మత ప్రచారం’ తప్పేమీ కాదు. రాజ్యాంగం 25వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. కాకపోతే ఎన్నికల ప్రచారం, దుష్ప్రచారం పక్కన తిరిగి తిరిగి ఆ మాటకు కొంత మసి అంటింది. ‘ఇస్లాం ఆహ్వానం’ మూలానికి దగ్గర. ‘మత మార్పిడి’ మాత్రం పర్యాయపదం కాదు. ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు విడదీసి చెప్పింది. ‘తబ్లీగ్’ (చేరవేయడం) సంగతి ఇంకా వేరు. 1920లలో ఢిల్లీ దగ్గరి మేవాత్‌లో మౌలానా ఇల్యాస్ మొదలుపెట్టిన తబ్లీగీ జమాత్ పనిచేసేది ప్రధానంగా ముస్లింల మధ్యే: కలిమా (విశ్వాస ప్రమాణ వాక్యం), నమాజు సరిగా నేర్పడం. దాన్ని మత మార్పిడి అనడం భాషాదోషం కాదు, వార్తాదోషం.

ఇక రెండో ప్రశ్న. గుర్తింపు ఎదుటివాళ్లు ఇచ్చేది: గుర్తింపు కార్డు, గుర్తింపు పొందిన పాఠశాల. తామెవరో తాము చెప్పుకోవడం అస్తిత్వం. దళిత, ముస్లిం కవిత్వ చర్చల్లో ఈ మాటే నిలబడింది. చివర ‘వాదం’ తగిలిస్తే మాత్రం ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ తత్వం (ఎగ్జిస్టెన్షియలిజం) గుర్తొచ్చే పాఠకులున్నారు, జాగ్రత్త.

దఅ్‌వాను అస్తిత్వ రాజకీయమనే వ్యాసాలూ వస్తున్నాయి. దఅ్‌వా విశ్వాసంలోకి పిలుపు, హక్కుల కోసం చేసే రాజకీయం వేరు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్ వెనుక ఉన్నది వెనుకబాటు వాదన. అందులో ఎవరినీ ఎక్కడికీ పిలవలేదు.