‘ఎప్పుడొస్తాది సామీ?’

ప్రశ్న: మేమిద్దరం స్నేహితులం తిరుపతిలో చిన్న ఆన్‌లైన్ వేదిక నడుపుతున్నాం. పెన్ కలంకారీ, అన్నమయ్య కీర్తనలు, హరికథ, వంటలు నేర్పేవాళ్లు అందరూ కలిపి 340 మంది క్రియేటర్లు ఉన్నారు. నెలకింత అని కట్టి వాళ్ల పాఠాలు చూసేవాళ్లు 11 వేల దాకా ఉంటారు. పోయిన శనివారం సాయంత్రం 7:10కి సైట్ పడిపోయింది. రాత్రి ఒంటిగంటన్నరకు గానీ లేవలేదు. సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. తప్పు మాదే, పాత లాగ్ ఫైళ్లు (సర్వర్ తన పనుల గురించి రాసుకునే చిట్టాలు) తీసేయడం మరిచిపోయాం. 9 గంటలకు ఇన్‌స్టాగ్రామ్‌లో ‘సాంకేతిక కారణాల వల్ల సేవలకు అంతరాయం కలిగినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని పెట్టాం. శ్రీకాళహస్తి నుంచి కలంకారీ నేర్పే ఒకావిడకు ఆ రోజు ఏడున్నరకు లైవ్ క్లాస్. డబ్బు కట్టినవాళ్లు 60 మంది. ఆవిడ మాకు 14 సార్లు ఫోన్ చేశారు. సర్వర్ టెన్షన్‌లో ఉండి ఎత్తలేదు. మర్నాడు ‘డబ్బులు తినేసి క్లాసు ఎగ్గొట్టిందని నా పిల్లోళ్లు అంటా ఉండారు’ అని దాదాపు ఏడ్చేశారు. ఇలాంటప్పుడు ఎవరికి, ఎంత, ఎప్పుడు చెప్పాలి? ఎక్కువ చెబితే పోటీవాళ్లకు అలుసవుతామని నా పార్ట్‌నర్ అంటాడు.
— పేరు వద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఆ 14 ఫోన్ల సంగతి చూద్దాం. మీ డిస్క్ నిండిందా ఖాళీ అయిందా అన్నది ఆవిడకు అక్కర్లేదు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేసిన గుడ్డ ముందు పరుచుకుని, కలం చేతపట్టుకుని 60 మంది కూర్చున్నారు. వాళ్లకు చెప్పేదానికి ఆవిడకో మాట కావాలి. అది మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. మీరేమో దాదాపు రెండు గంటలు ఆగి, ఆవిడ విద్యార్థుల్లో ఎంతమంది చూస్తారో తెలియని చోట, ఎవరికీ పనికిరాని రెండు వాక్యాలు పెట్టారు. కోప్పడుతున్నాననుకోకండి. పదిహేడేళ్లు చెన్నైలో, తిరుపతిలో సర్వర్ల దగ్గర నైట్ డ్యూటీలు చేసినదాన్ని, ఆ రెండు వాక్యాలు నేనూ రాశాను.

చీరల షాపు సైట్ ఆగితే కొనేవాళ్లు షాపును తిట్టుకుని ఇంకో షాపుకు పోతారు. మీ దగ్గర అలా జరగదు. చూసేవాళ్లలో చాలామందికి మీ కంపెనీ పేరు కూడా గుర్తుండదు, వాళ్లకు తెలిసింది కాళహస్తి అక్క. సైట్ మీది ఆగింది, తిట్లు ఆవిడకు పడ్డాయి. అందుకని మీరు రాసే ప్రతి నోటీసుకూ నేనైతే ఒకటే పరీక్ష పెడతాను: ఆవిడ దీన్ని ఒక్క అక్షరం మార్చకుండా తన వాట్సాప్ గ్రూపులోకి ఫార్వర్డ్ చేయగలదా? ‘సాంకేతిక కారణాల వల్ల’ అన్నది ఫార్వర్డ్ చేస్తే ఆవిడే ఏదో సాకు చెబుతున్నట్టుంటుంది.

ఆ శనివారం 7:20కి ఇలా పంపి ఉంటే ఎలా ఉండేదో చూడండి:

‘శనివారం రాత్రి 7:20. మా సైట్, యాప్ రెండూ 7:10 నుంచి తెరుచుకోవడం లేదు. ఏడున్నర, ఎనిమిది గంటల లైవ్ క్లాసులు ఈ రాత్రి జరగవు. సమస్య మా వైపుది, ఇందులో మీ టీచర్ తప్పేమీ లేదు. ఏం జరిగిందో చూస్తున్నాం. 7:50కి మళ్లీ చెబుతాం, అప్పటికి ఏమీ తేలకపోయినా సరే.’

‘మీ టీచర్ తప్పేమీ లేదు’ అన్న ముక్క దగ్గర మీ పార్ట్‌నర్ నొసలు చిట్లిస్తాడు. అయినా పెట్టండి. క్లాసులు ఈ రాత్రికి లేవని తేల్చేయడం కూడా అందుకే. ఏడున్నరకల్లా లేస్తుందేమోనన్న ఆశ మీకుంటే మీ దగ్గర ఉంచుకోండి, దానికోసం 60 మందిని కూర్చోబెట్టొద్దు.

ఇందులో ‘మీ డేటా, డబ్బు భద్రం’ అని రాయలేదు, చూశారా? చేతికి ముందొచ్చే వాక్యం అదే. మీరు స్వయంగా తెరిచి చూసుకునేదాకా రాయకండి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైట్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. ఉన్నాయనుకున్న బ్యాకప్‌లు తీరా చూస్తే అక్కరకు రాలేదు. దొరికిన పాత కాపీతో సైట్ లేపారు గానీ దాదాపు ఆరు గంటల డేటా పోయింది. అయితే వాళ్లు చేసిన మంచిపని ఒకటుంది. లోపల రాసుకుంటున్న నోట్స్ పేజీని జనానికి తెరిచి పెట్టారు, పని జరుగుతుంటే యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు, తర్వాత రాసిన నివేదికలో ఆ ఇంజినీరు పేరు రాయలేదు. మీ ఇద్దరిలో లాగ్ ఫైళ్లు మరిచింది ఎవరో కూడా బయటివాళ్లకు అనవసరం.

ఇక సైట్ ఆగినప్పుడల్లా జనం అడిగే ‘ఎప్పుడొస్తాది సామీ?’ అన్న ప్రశ్న. దీని దగ్గర నాకు తగిలిన దెబ్బ చెబుతాను. చాలా ఏళ్ల కిందట, పేరెందుకులెండి, నేను పనిచేసే చోట పరీక్ష ఫలితాల సైట్ ఒకటి చూసేవాళ్లం. ఓ మే నెల సాయంత్రం ఫలితాలు వదలగానే అది కుప్పకూలింది. నేను ‘మరో పది నిమిషాల్లో’ అని పెట్టాను. పది నిమిషాలు దాటాక మళ్లీ అదే పెట్టాను. అలా మూడుసార్లు. అబద్ధమని కాదు, పెట్టిన ప్రతిసారీ నేను నమ్మాను. తొమ్మిది దాటాక పుంగనూరు వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. అరవలేదు. ‘అమ్మా, మీ పది నిమిషాలు ఎన్ని గంటలమ్మా? పది నిమిషాలే కదా అని నెట్ సెంటర్లో బిడ్డతో కూర్చున్నా. మా ఊరి ఆఖరి బస్సు ఎళ్లిపోయింది’ అన్నాడు. వెనక ఆ పిల్ల ‘వద్దులే నాయనా’ అంటోంది. ‘ఈ రాత్రికి రాదు, పొద్దున చూడండి’ అని నేను మొదటే రాసుంటే ఆయన ఏడు గంటల బస్సుకే ఇల్లు చేరేవాడు.

అప్పటినుంచీ సైట్ ఎప్పుడు లేస్తుందో చెప్పడం మానేశాను, మళ్లీ ఎప్పుడు మాట్లాడతానో చెబుతాను. సైట్ లేవడం నా చేతిలో ఉండకపోవచ్చు. 7:50కి ఒక మెసేజ్ పంపడం నా చేతిలో పనే. కారణం దొరికి, పని ఎంతుందో తెలిశాక మాత్రం గంటలు చెప్పేయండి, కాస్త ఎక్కువే వేసి చెప్పండి. మన ఊరివాళ్లకు ఇది ఎవరో నేర్పాలా? సర్వదర్శనానికి ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, ఎన్ని గంటలు పడుతుందో రోజూ వార్తల్లో వస్తుంది. 18 గంటలంటే దానికి తగ్గట్టు అమ్మకు మాత్రలు, బిడ్డకు పాలసీసా సర్దుకుని పోతాం. గంటలు ఎక్కువైనందుకు గొణుక్కుంటాం గానీ, తెలిసిన నిరీక్షణ వేరు.

ఇదంతా జరగాలంటే మీ ఇద్దరిలో ఒకరు సర్వర్ ముఖం చూడకూడదు. ఒకరు బాగుచేస్తుంటే ఒకరు ఫోన్ పట్టుకోవాలి. ఎవరు ఏది అన్నది ఇవాళే తేల్చుకోండి, ఆ రాత్రికి వదిలితే ఇద్దరూ సర్వర్ మీదే పడతారు.

ఎక్కడ చెప్పాలి అన్నది ఇంకో తంటా. స్టేటస్ పేజీ, అంటే సైట్ నడుస్తోందో లేదో చెప్పే పేజీ, మీ సర్వర్‌లోనే పెట్టుకుంటే ఇంటికి తాళం పడ్డాక తాళంచెవి లోపలే ఉండిపోయినట్టు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో ఒక ఆదేశం తప్పుగా కొట్టడంతో అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. దాని మీద నడిచే సైట్లు చాలా గంటల తరబడి తిప్పలు పడ్డాయి. ‘మా సేవలు ఎలా ఉన్నాయి’ అని చూపే వాళ్ల బోర్డు కూడా ఆగిపోయిన దాని మీదే ఆధారపడింది, దాదాపు రెండు గంటలు దాన్ని మార్చలేక ట్విట్టర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. అంత పెద్దవాళ్లకే తప్పలేదు. కాబట్టి మీ పేజీ ఇంకో కంపెనీ సర్వర్‌లో, ఇంకో డొమైన్‌లో (వెబ్ చిరునామాలో) ఉండాలి, ఆ లింకు క్రియేటర్లందరి దగ్గరా ముందే ఉండాలి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అంటారేమో. ఒక లిస్టులో 256 మందే పడతారు, మీకు రెండు లిస్టులు కావాలి. పైగా మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కొత్త క్రియేటర్ చేరిన రోజే ఎదురుగా నంబర్ సేవ్ చేయించండి. ఎస్ఎంఎస్ కూడా ఉంచుకోండి, పల్లెల్లో నెట్ అందనిచోట అదే దిక్కు. కానీ కంపెనీ పేరుతో పంపే ఎస్ఎంఎస్‌కు టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందే డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో, నమోదై ఉండాలి. సైట్ పడ్డాక కూర్చుని రాస్తే వెళ్లదు. తెలుగులో అయితే ఒక ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే, అదీ ఫోన్ లెక్కలో. ‘మళ్లీ’ అని మనం రెండక్షరాలు రాస్తే ఫోన్ దాన్ని ఐదు అంటుంది. మ, ళ, పొల్లు, ల, గుడిదీర్ఘం. ‘సైట్ ఆగింది. 7:55కి మళ్లీ చెబుతాం.’ అన్నది లెక్కేశాను, 34 వచ్చింది. మీ పేరుకు, లింకుకు ఇంకా చోటుంది. టైమ్ దగ్గర మారే భాగం పెట్టి టెంప్లేట్ ఈ వారమే నమోదు చేయించుకోండి.

మీ పార్ట్‌నర్ భయానికి వస్తాను. సైట్ ఆగిందని పోటీవాళ్లకు మీరు చెప్పేదేముంది, మీకన్నా ముందే చూసి ఉంటారు. వాళ్లకు దొరికే అలుసంతా మీరు నోరు మెదపని ఆ రెండు గంటల్లోనే. ఆదివారం పొద్దున్నే రాయాల్సింది, ఇప్పుడైనా ఇలా రాయండి: ‘సర్వర్ డిస్క్ నిండింది. పాత లాగ్ ఫైళ్లు తీయడం మేం మరిచాం. ఇకమీదట 80 శాతం నిండగానే మాకు అలారం మోగుతుంది.’ మూడు వాక్యాలు చాలు, అలారం నిజంగా పెట్టాకే మూడోది రాయండి. ఒకవేళ ఇది హ్యాకింగ్ అయ్యుంటే కథ వేరు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం విషయం గమనించిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు, అంటే సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు, తెలపాలి. మీది డిస్క్ నిండటమే కాబట్టి ఆ గొడవ లేదు.

డబ్బు సంగతి. ఆ రాత్రి యూపీఐలో డబ్బు కట్ అయ్యి మీకు ఖాయం కాకుండా ఆగిపోయిన చెల్లింపులు ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు 2019 నాటి నిబంధన ప్రకారం అవి ఐదు రోజుల్లోపు వెనక్కి పోవాలి. ఆపైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ మాట క్రియేటర్లకు రాసివ్వండి. మీ పేమెంట్ గేట్‌వేలోకి (మీ తరఫున డబ్బు వసూలు చేసే సేవలోకి) వచ్చేసి మీ సైట్ రాసుకోని చెల్లింపులు మాత్రం బ్యాంకు తిప్పి పంపదు, అవి మీరే కూర్చుని ఒక్కొక్కటీ సరిచూడాలి. సభ్యులకు డిస్కౌంట్ కూపన్లు ఇవ్వకండి, ఒక రోజు పొడిగించండి చాలు. కాళహస్తి ఆవిడకు మాత్రం ఫోన్ చేయండి. ఇద్దరూ బస్సెక్కి వెళ్తే ఇంకా మంచిది, నలభై కిలోమీటర్లు కూడా లేదు. ఆవిడ గ్రూపులో మీ పేర్లతో మీరే క్షమాపణ చెప్పండి.

ప్రశ్న: నేను పచ్చళ్లు పెట్టడం నేర్పుతాను. నావి ఓ పెద్ద యాప్‌లో పాఠాలు. మామిడికాయల సీజన్‌లో సరిగ్గా ఆవకాయ రోజే యాప్ ఆగింది. నా దగ్గర నేర్చుకునేవాళ్ల నంబర్లు ఒక్కటీ నా దగ్గర లేవు. వాళ్లకెలా చెప్పాలి?
— గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, ఈసారికి దారి లేదు, వచ్చేసారికి చేసుకుందాం. మొదటి పాఠంలోనే ‘యాప్ ఆగితే నా కబురు ఇక్కడ చూడండి’ అని మీ వాట్సాప్ చానల్ లింకు చెప్పండి. ఇష్టమున్నవాళ్లు చేరతారు, మీకు వాళ్ల నంబర్లు కూడా అక్కర్లేదు. అయితే యాప్ వాళ్ల నియమాల్లో బయటి లింకులకు ఒప్పుకుంటారో లేదో చూసుకోండి. ఆగిన రోజు యాప్ తరఫున మీరు టైమ్ చెప్పకండి, అది మీ నెత్తికొస్తుంది. ‘కాయలు కోసి తుడిచి ఆరబెట్టుకోండి, ఉప్పూ కారం ఇంకా కలపొద్దు, రేపు పదకొండుకు కలుద్దాం’ అని మీ చేతిలో ఉన్నది చెప్పండి.

ప్రశ్న: సైట్ ఆగినప్పుడు ‘క్షమించండి’ పేజీ పెడితే గూగుల్‌లో వెనకబడతామా?
— విద్యార్థి, పలమనేరు

జవాబు: ఆ పేజీ సర్వర్ ఏ కోడ్‌తో ఇస్తోందన్నదాన్ని బట్టి. 200తో (‘అంతా బాగుంది’ అని దాని అర్థం) ఇస్తే, మీ పాఠాలన్నీ పోయి అన్నిచోట్లా ‘క్షమించండి’ అనే ఉందని గూగుల్ అనుకుంటుంది. 503తో ఇవ్వండి, ‘తాత్కాలికంగా లేదు’ అని దాని అర్థం. ఎంతసేపటికి మళ్లీ రావాలో రీట్రై-ఆఫ్టర్ అని ఒక హెడర్‌లో చెప్పొచ్చు. కొన్ని గంటలకు ఏమీ కాదు. రోజుల తరబడి 503 ఇస్తూ పోతే మాత్రం పేజీలు ఒక్కొక్కటిగా వెతుకులాటలోంచి జారిపోతాయి.