ట్రైనింగ్ ప్లాన్ రాసే ముందు ఆ ఫ్రిజ్ చూసి రా

ఒరేయ్ నాన్నా,

టీకాలు వేసే సిబ్బందికి శిక్షణ ఇచ్చే పని మీద ఆఫ్రికా వెళ్తున్నావనీ, ప్లానంతా నువ్వే రాస్తావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. అంత భయమూ వేసింది. నా ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిచింది, ఎక్కడ బోల్తా పడతారో కళ్లారా చూశాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. స్లైడ్లు తగ్గించు, చేతులతో చేయించు. వాళ్ల భాషలో చెప్పేవాళ్లని పెట్టుకో. బ్యాచ్ చిన్నదిగా ఉంచు.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకులే, టీకాలు పాడైపోతుండేవి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కదా. వేడి తగలకూడదని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతాయన్నదే చాలామందికి తలకెక్కదు. హెపటైటిస్-బి, డీపీటీ, ధనుర్వాతం టీకాలు ఒక్కసారి గడ్డకడితే పారేయాల్సిందే. అక్కడ జరుగుతున్నది అదే. సిబ్బందికి అవగాహన లేదని పైవాళ్లు తేల్చేశారు. శిక్షణ ఇచ్చారు. మళ్లీ పాడయ్యాయి. మళ్లీ శిక్షణ ఇచ్చారు.

చివరికి ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూశాం. రోజూ ఆ ఫ్రిజ్ తలుపు తీసేది ఒక అటెండరు. ఆవిణ్ని ఏ శిక్షణకీ పంపలేదు. టీఏ, డీఏ వస్తాయి కాబట్టి ప్రతిసారీ పైవాళ్లే వెళ్లారు. అయినా ఆవిడకి పని వచ్చు. అదే బ్యాచ్‌లోని ఒక వయల్‌ని, అంటే టీకా మందు సీసాని, కావాలనే గడ్డకట్టించి, కరగనిచ్చి, అనుమానం ఉన్న వయల్‌తో కలిపి రెండిటినీ ఊపి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. గడ్డకట్టినదాంట్లో మడ్డి చకచకా అడుక్కి దిగిపోతుంది. రెండోదాంట్లోనూ అలాగే దిగింది. "చూశారుగా, ఇది కూడా పోయింది" అంది.

ఇంత తెలిసిన మనిషి ఎందుకు ఆపలేకపోయింది? ఫ్రిజ్‌లో చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ చెడిపోయింది, మార్పించే అధికారం ఆవిడకి లేదు. థర్మామీటరు పోతే జవాబు చెప్పుకోవాలని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఫ్రిజ్ మీది చార్టులో మాత్రం ఉదయం 4 డిగ్రీలు, సాయంత్రం 4 డిగ్రీలు అని నెలంతా ఒకే సిరాతో, ఒకే వాలుగా రాసి ఉంది. ఖాళీ ఉంటే మెమో ఇస్తారట. ఆ చార్టు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ శిక్షణలకి పెట్టిన డబ్బులో కాస్త తీసినా కొత్త థర్మోస్టాట్లు వచ్చేవి.

అందుకని ముందు పని జరిగే చోటికి వెళ్లు. ఈ మనిషికి పని రాదా, వచ్చినా చేసే వీలు లేదా, అది తేల్చుకో. రాకపోతేనే శిక్షణ. రెండోదైతే నీ ప్లాన్‌లో రాయాల్సింది విడిభాగాలు, తాళంచెవులు, అధికారాల గురించి.

డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే చెప్పాడు, శిక్షణ ఫలించిందా లేదా అన్నది నాలుగు మెట్లలో చూడాలని: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో పెడుతున్నారా, దానివల్ల ఫలితం కనిపించిందా. చాలా సంస్థలు ఇప్పటికీ మొదటి మెట్టు దాటవు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో 'చాలా బాగుంది' అని టిక్కు పెట్టించుకుని, గ్రూప్ ఫొటో దిగి, రిపోర్టు పంపేస్తారు. నువ్వూ అదే చేశావని తెలిస్తే ఊరుకోను. కొన్ని నెలలాగి మళ్లీ వెళ్లి చూడటానికి డబ్బు ఇప్పుడే బడ్జెట్‌లో పెట్టించు. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చూడు. 1970ల నుంచి ప్రపంచ బ్యాంకు దన్నుతో 'శిక్షణ-సందర్శన' పద్ధతి ఎన్నో దేశాల వ్యవసాయ శాఖల్లోకి వెళ్లింది. సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ, చెప్పిన రోజున రైతు దగ్గరికి వెళ్లడం. క్రమశిక్షణ మంచిదే. కానీ ఆ జీతాలు, ప్రయాణ ఖర్చులు అప్పు సొమ్ము ఉన్నన్నాళ్లే నడిచాయి, తర్వాత చాలా ప్రభుత్వాలు మోయలేకపోయాయి. బ్రెజిల్‌లో 1942లో పెట్టిన సెనాయ్ అనే పారిశ్రామిక శిక్షణ సంస్థని చూడు. పరిశ్రమల జీతాల బిల్లు మీద వసూలు చేసే సొమ్ముతో, పరిశ్రమల వాళ్లే నడుపుతూ ఇవాళ్టికీ నిలబడి ఉంది. నీ దాతలు వెళ్లిపోయాక ఆ ఖర్చు ఎవరి పద్దులో పడుతుందో ఇప్పుడే అడుగు.

నేర్పితే నర్సులు విదేశాలకి వెళ్లిపోతారని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తీవ్రమైన కొరత ఉన్న దేశాలనుంచి పనిగట్టుకుని సిబ్బందిని తీసుకెళ్లొద్దని 2010లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక నియమావళిని ఆమోదించింది. అది స్వచ్ఛందమే, దాన్నే నమ్ముకోలేం. అయినా ఆ మాట విని నేర్పడం మానకు. నేర్చుకున్నవాళ్లకి హోదా, జీతం పెరిగే దారి ప్లాన్‌లో రాయి.

నీ గురించి నా బెంగ ఒకటుంది. చిన్నప్పట్నుంచీ ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండానే జవాబు చెప్పేస్తావు. అక్కడ అలా చేయకురా. అటెండరు నోరు విప్పడానికి టైం పడుతుంది. పక్కన పైఅధికారి ఉండగా ఏమీ అడగకు. మర్నాడు ఒక్కడివే వెళ్లు. నీ మనసు మంచిదని నాకు తెలుసు, వాళ్లకి తెలియడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.

ప్లాన్ మొదటి ప్రతి నాకు పంపు, ఎరుపు పెన్నుతో దిద్దుతాను. వెళ్లే చోట మలేరియా ఉంటే మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి. డాక్టర్ని కలిశావో లేదో ఈ వారంలోనే నాకు చెప్పు.

మీ అత్త